మిద్దెకు పిట్టగోడ ఉంది, మరి బండికో?



మన సంఘాలలో భూస్థాపన కార్యక్రమాలకు వెళ్ళినప్పుడు సమాధి దగ్గర తప్పకుండా వినబడే మాట ఒకటుంది. "కాలం తీరింది, వెళ్ళిపోయాడు." ఎనభై ఏళ్ళు బ్రతికి, మనవల చేతుల మీదుగా కన్నుమూసిన పెద్దాయన గురించి ఆ మాట అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని ఇంజనీరింగు చదువుతున్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు రాత్రి పదకొండింటికి హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తూ డివైడర్‌కు గుద్దుకుని చనిపోయినా అదే మాట అంటున్నాం. గుండెలు బాదుకుంటున్న తల్లి పక్కన కూర్చుని పెద్దవాళ్ళు "దేవుడు పిలుచుకున్నాడమ్మా" అంటారు. ఆదరించాలనే అంటారు, సందేహం లేదు. అయితే దేవుడు పిలుచుకున్నాడని అనేసిన తరువాత ఇక అడగవలసిన ప్రశ్న ఏదీ మిగలదు. బండి ఎంత వేగంతో పోతున్నది? అక్కడ వీధిదీపం వెలుగుతున్నదా? తల మీద హెల్మెట్ ఎందుకు లేదు? పడిన తరువాత ఎంతసేపు రోడ్డు మీదే ఉండిపోయాడు? ఇవేవీ ఎవరూ అడగరు. మూడవ నాడు ఆదరణ కూడిక జరుగుతుంది, భోజనాలు అవుతాయి, ఆ మలుపు మాత్రం అలాగే ఉంటుంది.

ఒకప్పుడు మలేరియా విషయంలోనూ ఇలాగే జరిగేది. చెడుగాలి వలన ఆ జ్వరం వస్తుందనుకున్నారు. దాని పేరుకు అర్థమే అది. గాలిని ఎవరాపగలరు? 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన పని చేసిన భవనం బేగంపేటలో నేటికీ ఉంది. గాలి కాదు, దోమ అని తెలిసిన రోజు నుండి మనిషి చేతికి పని దొరికింది. నీళ్ళు నిలువ ఉండకుండా చూడటం, దోమతెర కట్టుకోవడం, మందు చల్లడం.

రోడ్డు ప్రమాదాన్ని కూడా ఇలా కారణం గల వ్యాధిగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. 2004 ఏప్రిల్ 7న జరిగిన ప్రపంచ ఆరోగ్య దినానికి రోడ్డు భద్రతనే అంశంగా తీసుకుంది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా రోడ్ల మీద చనిపోయినవారు 11 లక్షల 90 వేల మంది. మలేరియాతో ఏటా చనిపోయేవారు సుమారు 6 లక్షలు. అంటే దోమ కంటే రోడ్డు రెండింతల మందిని తీసుకుపోతున్నది. నిమిషానికి ఇద్దరికి పైగానే. ఈ వ్యాసం చదవడానికి మీకు పది నిమిషాలు పడితే ఆ లోపల ఇరవై మంది పోతారు. మరొక సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. 5 నుండి 29 ఏళ్ళ మధ్య వయసువారి ప్రాణం తీసే కారణాలలో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం రోడ్డుదే. మన బిడ్డలకు టీకాలన్నీ వేయిస్తాం, డెంగీ వస్తుందేమోనని ఇంటి చుట్టూ నీళ్ళు ఎత్తిపోస్తాం, పదిహేడేళ్ళు రాగానే బండి తాళం చేతికిస్తాం.

ఈ మరణాలలో 92 శాతం బీద దేశాలలో, మధ్యతరగతి దేశాలలో జరుగుతున్నాయి. ప్రపంచంలోని వాహనాలలో ఈ దేశాలకున్నవి మాత్రం దాదాపు 60 శాతమే. మన దేశంలో 1970లో సుమారు 14,500 మంది రోడ్ల మీద చనిపోయారు. 2022లో 1,68,491 మంది. సగటున రోజుకు 460 మందికి పైగా. తెలంగాణలో ఏటా ఏడు వేలకు పైగా పోతున్నారు. 2022లో దేశంలో చనిపోయినవారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారు, 19 మందికి పైగా నడిచిపోయేవారు. కార్లలో ఏసీ వేసుకుని తిరిగేవారి జబ్బు కాదిది. బండి మీద భార్యాబిడ్డలను ఎక్కించుకుని ఆదివారం ఆరాధనకు వచ్చే మనవంటివారి జబ్బు.

మన ఇంటి ముందరి రోడ్డు

మలక్‌పేటలో ఉండేవారికి ఈ లెక్కలు దూరపు సంగతులు కావు. చాదర్‌ఘాట్ వంతెన దాటి, రైలు బ్రిడ్జి కిందుగా వచ్చి, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చేరే మన రోడ్డు పూణే నుండి మచిలీపట్నం దాకా పోయే జాతీయ రహదారి. పాతవాళ్ళకు అది 9వ నంబరు రోడ్డు, ఇప్పుడు 65. దాని మీద విజయవాడ బస్సు, ఇసుక లారీ, స్కూలు ఆటో, కూరగాయల తోపుడు బండి, కోచింగుకు పరుగెత్తే పిల్లలు అందరూ ఒకేసారి ఉంటారు. లారీకి ఇది హైవే. కాకరకాయలు కొనడానికి రోడ్డు దాటే అమ్మకు ఇది వీధి. ఒకే రోడ్డు హైవేగాను వీధిగాను ఉంటే నలిగిపోయేది నడిచేవారే.

2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. దానివల్ల ఒక మేలు జరిగింది, చాలామంది గమనించరు. టిక్కెట్టు కొనకపోయినా మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతలి వైపు దిగవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎస్కలేటర్ ఎదురుగా ఉన్నా కింద బస్సుల మధ్య నుండి దాటేవారిని చూస్తుంటాం. సోమరితనం అని తిట్టడం తేలిక. కాని మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై ఏళ్ళ తల్లికి రెండు సంచులు పట్టుకుని స్టేషన్ దాకా నడవడమే ఒక ప్రయాణం. ఫుట్‌పాత్ మీద దుకాణాలుంటే ఆమె రోడ్డులోకే దిగి నడవాలి. రాంగ్ రూట్లో వచ్చే బండ్ల సంగతి సరేసరి. యూటర్న్ దూరంగా పెడితే రాంగ్ రూట్ పుడుతుంది. అది మనిషి గుణమని ట్రాఫిక్ పోలీసులకూ తెలుసు, ఇంజనీర్లకూ తెలుసు.

ఇదే రోడ్డు పట్టుకుని ముందుకు పోతే హయత్‌నగర్, చౌటుప్పల్, నార్కెట్‌పల్లి, సూర్యాపేట, మునగాల. పేరున్న ఇళ్ళను కూడా ఈ దారి వదలలేదు. మాజీ పార్లమెంటు సభ్యుడు లాల్‌జాన్ బాషా 2013 ఆగస్టు 15న నార్కెట్‌పల్లి వద్ద చనిపోయారు. నందమూరి హరికృష్ణ కుమారుడు జానకిరామ్ 2014 డిసెంబరు 6న మునగాల దగ్గర ఆకుపాముల వద్ద పోయారు. నాలుగేళ్ళు తిరగకముందే, 2018 ఆగస్టు 29న, హరికృష్ణ కూడా అదే నల్గొండ జిల్లాలో అన్నెపర్తి వద్ద కారు ప్రమాదంలో మరణించారు. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదే ఏడాది సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. పట్టేది యాభై మంది, ఎక్కింది నూరు మంది. అటువంటి వార్త వచ్చినప్పుడు నాలుగు రోజులు టీవీల నిండా అదే. విడివిడిగా, ఒక్కొక్కరుగా పోయే రోజుకు 460 మంది గురించి వార్త రాదు.

చనిపోయినవారి గురించే చెబుతున్నాను. బ్రతికినవారి సంగతి? ప్రపంచంలో ఏటా 2 కోట్ల నుండి 5 కోట్ల మంది గాయపడుతున్నారని అంచనా. గాయం అనే మాట చిన్నది. మా సంఘంలో ఒక సహోదరుడున్నాడు, ఎలక్ట్రీషియన్ పని చేసేవాడు. బండి జారి తలకు దెబ్బ తగిలింది. చూడటానికి బాగానే ఉంటాడు. కాలూ చేయీ ఆడతాయి. కాని పెద్ద కూతురిని చిన్న కూతురి పేరు పెట్టి పిలుస్తాడు, అన్నం వడ్డించడం ఆలస్యమైతే కంచం విసిరికొడతాడు, నిచ్చెన ఎక్కలేడు. అతని భార్య ఇంట్లో మిషను కుట్టి ఇల్లు నడుపుతున్నది. "మనిషి దక్కాడు కదా, స్తోత్రం" అని అందరూ అంటారు. ఆమె కూడా అంటుంది. ఆ తరువాత ఆమె చెప్పుకునే మాటలు ఇక్కడ రాయలేను. అటువంటి ఇల్లు ఏ లెక్కలోనూ మరణంగా నమోదు కాదు.

వేగం అంటే ఎత్తు

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా అక్కడి నుండి పడిపోతే ఆ రక్తాపరాధం ఇంటివాని మీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా నడవలేదని ధర్మశాస్త్రం వాదించలేదు. మనుష్యుడు తడబడతాడని ముందే తెలుసు కనుక గోడ కట్టమన్నది. మేము వేదాంత విద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఈ వచనం మీద ఆగినట్టు గుర్తులేదు. ఇప్పుడు మాత్రం మలక్‌పేట చౌరస్తాలో ఆగిన ప్రతిసారీ అదే జ్ఞాపకం వస్తుంది.

ఎందుకంటే వేగం కూడా ఒక ఎత్తే. ఇది ఉపమానం కాదు, హైస్కూలు భౌతికశాస్త్రం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ గోడకు గుద్దుకోవడమంటే సుమారు పన్నెండు అడుగుల ఎత్తు నుండి, అంటే మొదటి అంతస్తు నుండి, నేల మీద పడటంతో సమానం. 50 కిలోమీటర్లయితే ముప్పై రెండు అడుగులు, మూడంతస్తులు. 60 అయితే నలభై ఆరు అడుగులు. ఇంట్లో మూడో అంతస్తు మీద పిల్లవాడు పిట్టగోడ దగ్గరకు వెళ్తే అరుస్తాం. అదే పిల్లవాడిని బండి ట్యాంకు మీద ముందర కూర్చోబెట్టుకుని అదే మూడంతస్తుల ఎత్తులో దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ తీసుకుపోతాం. అక్కడ గోడ లేదు.

నడిచేవారి విషయం ఇంకా కఠినం. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు తగిలినప్పటి కంటే 65తో వచ్చే కారు తగిలితే మనిషి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. స్పీడోమీటరులో ముల్లు కదిలింది కొంచెమే. 2022లో మన దేశపు రోడ్డు మరణాలలో 71 శాతం అతివేగం ఖాతాలోనే వేశారు.

బండి నడిపేవానికి పిట్టగోడ హెల్మెట్. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ.లారెన్స్ అనే పేరుపొందిన సైనికాధికారి, అరేబియా లారెన్స్ అంటే చాలామందికి తెలుస్తుంది, మోటారు సైకిలు మీద పోతూ ఇద్దరు సైకిలు కుర్రవాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ వైద్యుడు కాలం తీరిందని ఊరుకోలేదు. మోటారు సైకిళ్ళ మీద పోయేవారి తల గాయాలను ఏళ్ళ తరబడి పరిశీలించి 1941లో హెల్మెట్ గురించి వ్యాసం ప్రచురించాడు. బ్రిటిష్ సైన్యం అతని మాట విన్నది. అక్కడి సామాన్య ప్రజలకు చట్టంగా వచ్చేసరికి 1973 అయింది. మంచి మాట జనంలోకి వెళ్ళడానికి ముప్పై ఏళ్ళు పట్టిందన్నమాట.

మనలాగే బండ్లతో నిండిన వియత్నాంలో 2007 డిసెంబరు 15 నుండి హెల్మెట్ తప్పనిసరి చేసి గట్టిగా అమలు పరిచారు. కొద్ది వారాలలోనే పదిమందిలో తొమ్మిది మంది పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఆసుపత్రులకు వచ్చే తల గాయాలు తగ్గాయి. మన దగ్గర కూడా మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలనే చెబుతోంది. చీర కట్టుకుని పక్కకు తిరిగి కూర్చున్న భార్యకు హెల్మెట్ ఎందుకు ఉండదో భర్తలే చెప్పాలి. తల ఆమెకూ ఒకటే. పగ్గం బిగించకుండా తల మీద బోర్లించుకునేది, పెట్రోలు ట్యాంకు మీద మోసుకుపోయేది హెల్మెట్ కాదు, జరిమానా తప్పించుకునే టోపీ. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు దేశంలో 50,029 మంది.

అయితే భారమంతా నడిపేవాని నెత్తినే వేయడం న్యాయం కాదు. మిద్దె కట్టినవాడికి బాధ్యత ఉన్నట్టే రోడ్డు వేసినవాడికీ ఉంది. స్వీడన్ దేశపు పార్లమెంటు 1997లో ఒక నిర్ణయం చేసింది. రోడ్డు మీద ఒక్క ప్రాణం పోయినా సమ్మతం కాదు, మనుషులు తప్పులు చేస్తారు కనుక ఆ తప్పుకు మరణశిక్ష పడకుండా రోడ్డును కట్టాలి. నార్వే రాజధాని ఓస్లోలో 2019 సంవత్సరమంతా నడిచేవారు గాని సైకిలు తొక్కేవారు గాని ఒక్కరు కూడా రోడ్డు మీద చనిపోలేదు. అక్కడివారు మనకంటే భక్తిపరులని కాదు. వేగం తగ్గించారు, నడిచేవారికి చోటిచ్చారు, అంతే. ఐక్యరాజ్యసమితి 2030 నాటికి రోడ్డు మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. మన కాలనీ సంఘాల సమావేశాల్లో డ్రైనేజీ గురించి కార్పొరేటరును నిలదీసినట్టే జీబ్రా గీతల గురించి, వీధిదీపం గురించి కూడా అడగవచ్చు.

పడినవాని దగ్గరకు వెళ్ళేదెవరు?

యెరూషలేము నుండి యెరికో పోయే దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాని కథ మన సండేస్కూలు పిల్లలందరికీ వచ్చు. 2019లో మన పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ అనే సెక్షన్ చేర్చింది. ఆ సెక్షన్ పేరే గుడ్ సమారిటన్. ప్రమాదంలో పడినవానికి మంచి మనసుతో సహాయం చేసినవాని మీద ఏ కేసూ ఉండకూడదు. పోలీసులు గాని ఆసుపత్రి గాని అతని పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు, డబ్బు కట్టమనకూడదు. దీనికి ముందు 2016 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంకా వెనక్కి వెళ్తే 1989లో పరమానంద్ కటారా కేసులో తీర్పు ఉంది. కారు తగిలిన స్కూటరిస్టును ఒక ఆసుపత్రికి తీసుకువెళ్తే, ఇది పోలీసు కేసు, ఇరవై కిలోమీటర్ల దూరంలోని వేరే ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ఏ డాక్టరైనా సరే, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తరువాత అని సుప్రీంకోర్టు ఆనాడే చెప్పింది. ముప్పై అయిదేళ్ళు దాటినా "పోలీసు కేసు, మనకెందుకు" అనే భయం మన వీధుల్లో పోలేదు.

108 అంబులెన్సు పుట్టింది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. తరువాత ఎన్నో రాష్ట్రాలు దానిని అందుకున్నాయి. ప్రమాదం చూసినప్పుడు వీడియో తీయడానికి ఫోను ఎత్తే చేతితోనే మూడు అంకెలు నొక్కవచ్చు.

అంబులెన్సు వచ్చేలోపల చేయవలసినవి కొన్ని, చేయకూడనివి కొన్ని. మన దేశంలో పడినవాని నోట్లో ముందుగా నీళ్ళు పోస్తారు. దయచేసి పోయవద్దు. స్పృహ లేనివానికి ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణమే తీయవచ్చు. కాళ్ళూ చేతులూ పట్టి మూటలా ఎత్తి ఆటోలో కుదించవద్దు. వెన్నెముక విరిగి ఉంటే ఆ కుదుపుకు జీవితాంతం నడుము కింద స్పర్శ లేకుండా పోతుంది. మంటలు, మీదికి వచ్చే వాహనాలు వంటి అపాయం ఉంటే తప్ప కదిలించవద్దు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ, చున్నీ అయినా సరే, మడతపెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. వదలవద్దు. వెనుక నుండి వచ్చే వాహనాలను ఒకరు నిలబడి ఆపండి.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని ప్రకటించింది. గుద్దిన వాహనం దొరకకుండా పోతే, అంటే హిట్ అండ్ రన్ కేసులో, 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం ఉంది. వాహనం తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దావా వేయాలి. ఆరు నెలలలోపే వేయడం మేలు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఇవేవీ తోచవు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు ఒక కవరులో పెట్టి ఉంచమని చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆదరణ కూడికకు వెళ్ళే పెద్దలు ఆ పని చేయవచ్చు.

మన సంఘాలకు సంబంధించిన రెండు మూడు మాటలు కూడా చెప్పాలి. క్రిస్మస్ నెలలో క్యారల్స్‌కు యువకులను డీసీఎం వ్యానులో నిలబెట్టి రాత్రంతా తిప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. ఊళ్ళలో కూడికలకు ట్రాక్టరు ట్రాలీలు కడతారు. సామాను వాహనంలో ఊరికే ఎక్కిన మనుషులకు భీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. అంటే ప్రాణం పోతే ఆ ఇంటికి ఇన్సూరెన్సు నుండి పైసా రాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసేసరికి పన్నెండున్నర. ఆ వేళ తాగి నడిపేవారంతా రోడ్ల మీదే ఉంటారు. పాటలు రెండు తగ్గించి పదిన్నరకే ముగించినా నూతన సంవత్సరం వస్తుంది. ఇక ఇంటర్ చదివే అబ్బాయి మారాం చేశాడని బండి కొనిచ్చే తండ్రులకు: మైనరు నడిపి ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది.

ప్రతి సంవత్సరం నవంబరు మూడవ ఆదివారం రోడ్డు ప్రమాద మృతుల జ్ఞాపకార్థ దినంగా 2005లో ఐక్యరాజ్యసమితి గుర్తించింది. ఆదివారమే కాబట్టి మనం వేరే రోజు వెతుక్కోనక్కరలేదు. ఆనాడు మా సంఘంలో రోడ్డు మీద పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాం. పేరు, వయసు, ప్రమాదం జరిగిన చోటు. ఏ మలుపో, ఏ చౌరస్తానో కూడా రాయమని కుటుంబాలవారిని కోరుతున్నాం. ఆ చోట్ల జాబితాను తరువాత ట్రాఫిక్ పోలీసు స్టేషనులోను, మున్సిపల్ ఆఫీసులోను ఇచ్చి వస్తాం. మన సంఘస్తులు కానివారి పేర్లయినా ఇవ్వవచ్చు. అక్టోబరు నెలాఖరులోగా మందిరం ఆఫీసులో రాసి ఇస్తే చాలు.